సర్కారీ కొలువులో తొలి జీతం: బేరం ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

విశాఖ రుషికొండలోని ఐటీ కంపెనీలో ఇంటర్వ్యూ చివర్లో "ఎంత ఆశిస్తున్నారు?" అని అడుగుతారు. అదే అభ్యర్థి డాక్‌యార్డులోనో, తపాలా శాఖలోనో, రైల్వేలోనో ఎంపికైతే ఆ ప్రశ్న ఎవరూ వేయరు. నియామక పత్రంలో లెవెల్, మూల వేతనం అచ్చయి వస్తాయి. అందువల్ల చాలామంది జీతం గురించి నోరెత్తరు. ఎత్తినవాళ్లలో కొందరు అడగకూడని చోట అడిగి, అడగాల్సిన చోట ఊరుకుంటారు.

ఒకే నోటిఫికేషన్‌లో ఎంపికై ఒకే వారంలో చేరిన ఇద్దరి జీతాలు ఏడాది తిరిగేసరికి వేరువేరుగా ఉండవచ్చు. ఒకరు గట్టిగా మాట్లాడారని కాదు. చేరిన తేదీ, పాత ఉద్యోగం నుంచి తెచ్చుకున్న కాగితం, వీటివల్ల ఆ తేడా వస్తుంది. సర్కారు దగ్గర బేరమంటే ఇదే: నిబంధనలో ఉన్నదాన్ని వేళకు, రాతపూర్వకంగా అడగడం. మాటతో అంకె పెంచుకోగల కొలువులూ కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

1. ముందు మీది ఏ రకం కొలువో తేల్చుకోండి

విశాఖలో "గవర్నమెంటు ఉద్యోగం" అన్న ఒక్క మాట కింద నాలుగు రకాలు నడుస్తుంటాయి.

కేంద్ర శాఖలు: తూర్పు నౌకాదళంలోని సివిలియన్ పోస్టులు, ఆదాయపు పన్ను, కస్టమ్స్, తపాలా, రైల్వే. వీటిలో ఏడో వేతన సంఘం పే మ్యాట్రిక్స్ (ఒక్కో లెవెల్‌కు ఇంక్రిమెంటుకో గడి చొప్పున ఉండే వేతన పట్టిక) నడుస్తోంది. లెవెల్ 1కి 18,000, లెవెల్ 2కి 19,900, లెవెల్ 4కి 25,500, లెవెల్ 6కి 35,400 రూపాయల దగ్గర మొదలు. ఇందులో ఒక్క రూపాయి కూడా కదలదు. ఐటీలో నెలకు అరవై వేలు తెచ్చుకున్నానని జీతం స్లిప్పు చూపించినా, ప్రైవేటు జీతానికి ఇక్కడ రక్షణ లేదు.

రాష్ట్ర ప్రభుత్వం: 2022 వేతన స్కేళ్లలో కనీసం 20,000 రూపాయలు. జూనియర్ అసిస్టెంటు 25,220 దగ్గర, సెకండరీ గ్రేడ్ టీచరు 32,670 దగ్గర మొదలవుతారు. ఇక్కడ చూడాల్సింది, ప్రొబేషన్‌లో స్కేలు ఇస్తారా, స్థిర మొత్తం ఇస్తారా అన్నది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరినవారికి ప్రొబేషన్ కాలంలో నెలకు 15,000 మాత్రమే ఇచ్చారు. స్కేళ్లు 2022 జూలైలో గానీ చేతికి రాలేదు. నోటిఫికేషన్‌లో "కన్సాలిడేటెడ్" (స్థిర మొత్తం) అనే మాట కనిపిస్తే దాని చుట్టూ ఉన్న వాక్యాలు రెండుసార్లు చదవండి.

ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు: ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, షిప్‌యార్డు వంటివి. 2017 నాటి సవరణ అమలైన సంస్థల్లో అధికారుల స్కేళ్లు ఈ1కి 40,000–1,40,000, ఈ2కి 50,000–1,60,000. వీటి ప్రకటనల్లో కనిపించే వార్షిక సీటీసీ (మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) అంకెను చూసి మురిసిపోకండి. అందులో పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరు ఆధారిత వేతనం అన్నీ కలిసి ఉంటాయి. ఆ చివరిది సంస్థ లాభాల మీద ఆధారపడుతుంది. నష్టాల్లో ఉన్న సంస్థ అయితే నా లెక్కలో దానికి సున్నా వేస్తాను.

నాలుగోది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. బేరానికి చోటున్నది ఈ రకంలోనే, అదీ కొంతవరకే.

2. చేతికొచ్చేది ముందే లెక్కగట్టండి

తపాలా శాఖలో పోస్టల్ అసిస్టెంటుగా విశాఖలో చేరారనుకుందాం. లెవెల్ 4, మూల వేతనం 25,500. 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం కరువు భత్యం ప్రకారం 14,790. విశాఖ కేంద్రం జాబితాలో వై తరగతి నగరం కాబట్టి ఇంటి అద్దె భత్యం 20 శాతం, అంటే 5,100. రవాణా భత్యం 1,800, దాని మీద కరువు భత్యం 1,044. మొత్తం 48,234. ఎన్‌పీఎస్‌కు (జాతీయ పింఛను పథకం) 4,029, సీజీహెచ్‌ఎస్‌కు (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) 250, వృత్తి పన్ను 200 పోతే దాదాపు 43,750 మిగులుతుంది. గ్రూపు బీమా లాంటి చిన్న కోతలు ఇంకా ఉంటాయి.

ఇదే పోస్టు హైదరాబాదులో అయితే అద్దె భత్యం 30 శాతం, రవాణా భత్యం రెట్టింపు. కోతలకు ముందు మొత్తం 53,628 అవుతుంది. తేడా నెలకు 5,394. ప్రాధాన్యాలు నింపేటప్పుడు "మన ఊరే కదా" అని కళ్లు మూసుకుని విశాఖ పెట్టేవారికి ఈ అంకె తెలియాలి. సొంతిల్లు ఉండి, అమ్మానాన్నలతో కలిసి ఉండేవారికి ఇక్కడే లాభమని నా లెక్క. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అద్దెకు దిగాల్సినవారు మాత్రం 5,100తో ఏం దొరుకుతుందో ముందే తిరిగి చూసుకోవడం మంచిది.

భత్యం మీరు పనిచేసే చోటును బట్టి వస్తుంది, కాపురముండే చోటును బట్టి కాదు. గాజువాకలో ఇల్లు ఉండి, నగరపాలక సంస్థ పరిధి దాటిన ఊళ్లో పోస్టింగు పడితే 20 శాతం కాస్తా 10 అయిపోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులకు లెక్క వేరు. 2022 స్కేళ్లలో విశాఖకు 16 శాతం, చిన్న ఊళ్లకు ఇంకా తక్కువ. కౌన్సెలింగులో బడి ఎంచుకునే కొత్త టీచర్లు బస్సు చార్జీలతో పాటు దీన్నీ కలిపి లెక్కేసుకోవాలి.

ఎనిమిదో వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పాటైంది, నివేదికకు 18 నెలల గడువు. దాన్ని నమ్ముకుని ఇప్పుడు ఈఎంఐ పెట్టుకోకండి.

3. చేరే తేదీ: ఒక్క రోజు, ఆరు నెలలు

అందరూ తేలిగ్గా తీసుకునేదీ, ఎక్కువ డబ్బు పోగొట్టేదీ ఇదే.

కేంద్ర ఉద్యోగులకు వార్షిక ఇంక్రిమెంటు జనవరి 1న గానీ, జూలై 1న గానీ పడుతుంది. జనవరి 2 నుంచి జూలై 1 వరకు చేరినవారికి తర్వాతి జనవరి 1న. జూలై 2 నుంచి జనవరి 1 వరకు చేరినవారికి తర్వాతి జూలై 1న. ఇప్పుడు జూలై 1న చేరిన అమ్మాయిని, జూలై 2న చేరిన అబ్బాయిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆమెకు ఆరు నెలలకే మొదటి ఇంక్రిమెంటు. అతనికి పూర్తి ఏడాది ఆగాలి. లెవెల్ 4లో ఇంక్రిమెంటు 800 రూపాయలు (25,500 నుంచి 26,300). పైన చెప్పిన కరువు భత్యం, అద్దె భత్యం కలిపితే నెలకు 1,424, ఆరు నెలలకు 8,544. ఒక్కసారితో పోదు, ప్రతి ఏడాదీ ఆమె మెట్టు అతనికంటే ఆరు నెలలు ముందే ఎక్కుతుంది.

కాబట్టి నియామక పత్రం రాగానే గడువు తేదీలు చూడండి. ఆ గడువు మధ్యలో జనవరి 2 గానీ జూలై 2 గానీ ఉంటే, అంతకు ముందే చేరిపోండి. మంచి రోజు చూసుకోవద్దని ఎవరూ అనరు. పంతులుగారికి తేదీల పరిమితి ముందే చెప్పి, ఆ లోపలే ముహూర్తం అడగండి. జూలై 1 ఆదివారం పడితే, దానికి ముందు పనిదినమే మీ ఆఖరి రోజు. జనవరి 1 కేంద్ర కార్యాలయాలకు సాధారణ సెలవు కాదు, ఐచ్ఛిక సెలవు మాత్రమే. ఆ రోజు ఆఫీసు తెరిచే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. మధ్యాహ్నం దాటాక విధుల్లో చేరితే జీతం మరుసటి రోజు నుంచి లెక్క. జూలై 1న మూడు గంటలకు జాయినింగ్ రిపోర్టు ఇస్తే చేతిలో ఉన్నది జారిపోయినట్టే. పొద్దున్నే వెళ్లి, రిపోర్టు మీద తేదీ పక్కన "పూర్వాహ్నం" అని రాసి, ఇన్‌వార్డు ముద్ర (కాగితం ఆఫీసుకు అందినట్టు వేసేది) వేయించుకుని, నకలు తెచ్చుకోండి. వైద్య పరీక్షకు కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు, అది ఒక్క పూటలో తేలుతుందన్న నమ్మకం వద్దు. వారం ముందే పూర్తి చేసుకోవాలి.

రాష్ట్ర కొలువుల్లో పద్ధతి వేరు. చేరిన నెలకు ఏడాది తిరిగాక, ఆ నెల ఒకటో తేదీ నుంచే ఇంక్రిమెంటు ఇస్తారు. జూలై 31న చేరినా వచ్చే ఏడాది జూలై 1నే దక్కుతుంది. ఆగస్టు 1న చేరితే ఆగస్టు 1 దాకా ఆగాలి. నెలాఖరులో అవకాశముంటే ఒకటో తేదీ దాకా ఆగకండి.

4. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే

రైల్వేలో లెవెల్ 4లో ఐదు ఇంక్రిమెంట్లు తీసుకున్న ఉద్యోగి మూల వేతనం 29,600. అతను పరీక్ష రాసి వేరే కేంద్ర శాఖలో లెవెల్ 5కు ఎంపికయ్యాడు. ఆ లెవెల్ 29,200 దగ్గర మొదలవుతుంది. మామూలు రాజీనామా ఇచ్చి వెళ్తే పెద్ద ఉద్యోగంలో చిన్న జీతం! టెక్నికల్ రిజిగ్నేషన్ (ఒక ప్రభుత్వ ఉద్యోగం నుంచి మరోదాంట్లో చేరేందుకే ఇచ్చే రాజీనామా) ఇచ్చి వెళ్తే పాత మూల వేతనానికి రక్షణ ఉంటుంది. లెవెల్ 5లో 29,600 అనే గడి లేదు కాబట్టి పై గడి 30,100లో కూర్చోబెట్టాలి. అంతకంటే విలువైనది, పాత సర్వీసు తెగిపోదు. నిల్వ ఉన్న ఆర్జిత సెలవులు వెంట వస్తాయి, పింఛను ఖాతా కొనసాగుతుంది.

దీనికి షరతు ఒకటే, దరఖాస్తు ప్రాపర్ ఛానెల్‌లో, అంటే పాత ఆఫీసు ద్వారా, వెళ్లి ఉండాలి. పాత ఉద్యోగంలో చేరకముందే దరఖాస్తు పెట్టి ఉంటే, చేరగానే ఆ సంగతి ఆఫీసుకు లిఖితపూర్వకంగా తెలియజేసి ఉండాలి. ఇది చాలామందికి తెలియదు. ఈరోజు ఏదైనా ఉద్యోగంలో చేరుతూ, ఇంకో రెండు ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారు మొదటి వారంలోనే ఆ చీటీ ఇచ్చేయాలి.

రాజీనామా లేఖలో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాస్తే కొంప మునిగినట్టే. సారాంశం ఇలా ఉండాలి:

"నేను ఫలానా తేదీన, ఫలానా నంబరు ఎన్‌ఓసీతో, ఈ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసిన పోస్టుకు ఎంపికయ్యాను. నియామక పత్రం నకలు జతపరిచాను. ఆ పోస్టులో చేరేందుకు నా రాజీనామాను టెక్నికల్ రిజిగ్నేషన్‌గా స్వీకరించి, రిలీవింగ్ ఉత్తర్వులో ఆ మాట స్పష్టంగా పేర్కొనవలసిందిగా కోరుతున్నాను. చివరి వేతన ధ్రువపత్రం, సర్వీసు బుక్కు కొత్త కార్యాలయానికి పంపవలసిందిగా మనవి."

రిలీవింగ్ ఉత్తర్వులో ఆ రెండు మాటలు లేకపోతే గేటు దాటకండి. కొత్త ఆఫీసులో పే ఫిక్సేషన్ (మూల వేతనం ఖరారు) చేసే గుమాస్తా ముందు మీ వాదన కాదు, ఆ కాగితమే మాట్లాడుతుంది. ఏళ్ల తరబడి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చున్నవాళ్లను అడగండి, ఇదే చెబుతారు.

ప్రభుత్వ రంగ సంస్థ నుంచి కేంద్ర శాఖకు వచ్చేవారికి దారి ఇరుకు. 1989 ఆగస్టు 7 నాటి ఉత్తర్వుల ప్రకారం ఇంటర్వ్యూ ద్వారా ఎంపికైనవారికే వేతన రక్షణ. బహిరంగ పోటీ పరీక్ష రాసి వచ్చినవారు దాన్ని ఆశించలేరు.

5. నౌకాదళం నుంచి వచ్చినవారికి

ఈ ఊళ్లో పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని రెండో ఉద్యోగం వెతుక్కునే నావికులు వీధికొకరు ఉంటారు. వారికి రెండు దారుల్లో రెండు లెక్కలు.

కేంద్ర శాఖలో చేరితే, ఆఫీసర్ హోదాకు దిగువన పదవీ విరమణ చేసినవారికి పే మ్యాట్రిక్స్ మొదటి గడే దక్కుతుంది. కానీ పింఛనును పూర్తిగా పక్కన పెడతారు, దాని పేరుతో జీతంలోంచి ఏమీ తగ్గించరు. 1986 నాటి పునర్నియామక ఉత్తర్వుల సారం ఇది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో మాత్రం సర్వీసులో చివరగా తీసుకున్న జీతానికి రక్షణగా అదనపు ఇంక్రిమెంట్లు కలిపి స్థిరీకరిస్తారు. అందుకే ఒకే బ్యాచ్ క్లర్కుల్లో మాజీ సైనికుడి జీతం పక్క సీటు కుర్రవాడికంటే బాగా ఎక్కువగా కనిపిస్తుంది. దానికి చివరి వేతన ధ్రువపత్రం, డిశ్చార్జి బుక్కు కావాలి. ముంబయిలోని నావల్ పే ఆఫీసుతో ఉత్తరాలు నడపడానికి సమయం పడుతుంది, కాబట్టి ఇంకా యూనిఫాంలో ఉండగానే ఆ పత్రం సంపాదించండి. చేరిన రోజే ఫిక్సేషన్ దరఖాస్తుతో కలిపి ఇవ్వండి.

6. చదువుకు దక్కే ఇంక్రిమెంట్లు

స్టేట్ బ్యాంకు జూనియర్ అసోసియేట్ స్కేలు 24,050 దగ్గర మొదలవుతుంది. పట్టభద్రులకు రెండు అదనపు ఇంక్రిమెంట్లతో అది 26,730. ఇలాంటివి బేరం వల్ల రావు, సర్టిఫికెట్ వల్ల వస్తాయి. ఒరిజినల్ డిగ్రీ ఇంకా రాలేదంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం చుట్టూ ఇప్పుడే తిరగండి.

కేంద్ర శాఖల్లో ముందస్తు ఇంక్రిమెంట్లకు ప్రాథమిక నిబంధన 27 ఉంది గానీ, గుమాస్తా స్థాయి పోస్టుల్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. నోటిఫికేషన్‌లోనే "అర్హులకు అధిక ప్రారంభ వేతనం" అన్న వాక్యం ఉంటే మాత్రం ఇంటర్వ్యూలోనే అడగాలి. సెలక్షన్ కమిటీ సిఫార్సు చేయనిదాన్ని తర్వాత పరిపాలన విభాగం ఇవ్వలేదు.

హిందీ ప్రాజ్ఞ పరీక్ష సంగతి కూడా గుర్తుంచుకోండి. అర్హులైన కేంద్ర ఉద్యోగులు పాసైతే 12 నెలలపాటు ఒక ఇంక్రిమెంటుకు సమానమైన వ్యక్తిగత వేతనం ఇస్తారు. ఆ స్థాయి హిందీ ముందే చదివినవారికి వర్తించదు.

7. మొదటి నెల రోజులు

2025 ఏప్రిల్ 1 తర్వాత కేంద్ర సర్వీసులో చేరినవారు ఏకీకృత పింఛను పథకం కావాలంటే చేరిన 30 రోజుల్లోపు ఆప్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎన్‌పీఎస్‌లో ఉన్నట్టే. రెండింటిలోనూ మీ వాటా 10 శాతమే కాబట్టి చేతికొచ్చే జీతం మారదు, మారేది పదవీ విరమణ తర్వాతి బతుకు. ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వం 14 శాతం మీ ఖాతాలో వేస్తుంది. ఏకీకృత పథకంలో మీ ఖాతాకు 10, ఉమ్మడి నిధికి 8.5. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పింఛను ఖాయం. ఇరవై రెండేళ్లకు చేరి, మధ్యలో వేరే దారి పట్టే ఆలోచన ఉన్నవారికి ఎన్‌పీఎస్ నప్పుతుంది. ముప్పై దాటి చేరి, ఇక్కడే స్థిరపడదలచినవారికి ఏకీకృత పథకం మేలని నా అభిప్రాయం.

క్వార్టరు తీసుకుంటే అద్దె భత్యం ఆగిపోతుంది, పైగా లైసెన్సు ఫీజు కడతారు. అయినా 5,100 వదులుకుని నగరం నడిబొడ్డున రెండు గదులు దొరికితే అది లాభసాటి బేరమే.

8. నిజంగా బేరమాడగల చోటు

ఔట్‌సోర్సింగ్ పోస్టుల్లో ఆశ పెట్టుకోకండి. 2022లో రాష్ట్రం మూడు కేటగిరీలకు 15,000, 18,500, 21,500గా ఖరారు చేసింది. ప్రాజెక్టు కన్సల్టెంట్లు, సాంకేతిక నిపుణులు, డేటా అనలిస్టుల వంటి కాంట్రాక్టు పోస్టుల ప్రకటనల్లో మాత్రం "అనుభవాన్ని బట్టి" అనో, కింది అంకె నుంచి పై అంకె వరకు అనో ఉంటుంది. అక్కడ నోరు విప్పాలి.

అంకె చెప్పేముందు మూడు సంగతులు అడగండి. ఆ మొత్తంలో యజమాని పీఎఫ్ వాటా కలిసి ఉందా? ఉంటే 15,000 పరిమితి మీదనే మీ వాటా 1,800, వారి వాటా 1,800 రెండూ మీ అంకెలోంచే పోతాయి. జీతంగా ఇస్తారా, వృత్తి ఫీజుగా ఇస్తారా? ఫీజు అయితే 10 శాతం ముందే పన్నుగా మినహాయిస్తారు, మీరు కట్టాల్సిన పన్ను కంటే అది ఎక్కువైతే రిటర్ను వేశాక వాపసు ఇస్తారు, అప్పటిదాకా చేతిలో డబ్బు తక్కువే. ఇక ఒప్పందం పొడిగిస్తే ఏటా పెంపు ఉందా?

మాట ఇలా సాగితే చాలు, ఇంతకంటే నాటకం అక్కర్లేదు. "ప్రకటనలో 35 నుంచి 45 వేల వరకు అని ఉంది మేడమ్. ఇదే పని మూడేళ్లు చేశాను, ఆ ధ్రువపత్రాలు ఫైల్లో ఉన్నాయి. 42 వేలు ఇస్తే పదిహేనో తేదీన చేరగలను." వాళ్లు "బడ్జెట్ లేదండీ" అంటే, "అయితే 38తో మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత సమీక్ష ఉంటుందని ఒప్పందంలో రాయగలరా మేడమ్?" అనండి. ఎదుటివారికి ఫైలులో రాసుకోవడానికి ఒక కారణం కావాలి. మీ ఇంటి అద్దె, చెల్లి పెళ్లి ఆ ఫైలులోకి ఎక్కవు. అనుభవం, ధ్రువపత్రం, వెంటనే చేరగలగడం ఎక్కుతాయి.

"లెవెల్ పెంచి ఇప్పిస్తా, కొంచెం ఖర్చవుతుంది" అంటూ జగదాంబ సెంటర్‌లో టీ తాగించే మధ్యవర్తి ఎవరైనా తగిలితే, టీ డబ్బులు మీరే ఇచ్చేసి లేచి వచ్చేయండి. లెవెల్ మార్చే అధికారం ఆ ఆఫీసు అధిపతికి కూడా ఉండదు.

9. మొదటి జీతం స్లిప్పు

నెల ఇరవై దాటాక చేరితే ఆ నెల జీతం తర్వాతి నెల బిల్లుతో కలిసి రావడం మామూలే, కంగారు పడకండి. స్లిప్పు రాగానే లెవెల్, గడి, అద్దె భత్యం శాతం, రవాణా భత్యం చూడండి. తర్వాత సర్వీసు బుక్కు చూపించమని అడగండి. అందులో చేరిన తేదీ, పూర్వాహ్నమా అపరాహ్నమా, తదుపరి ఇంక్రిమెంటు తేదీ సరిపోయాయా? తప్పుంటే డీడీఓకు (జీతాల బిల్లులు పెట్టే అధికారికి) ఒక పేజీ వినతి, దానికి ఇన్‌వార్డు నంబరు. నోటిమాటగా చెప్పినది బదిలీతో పాటు వెళ్లిపోతుంది.

లెక్కలో ఎక్కువ వేసినా చెప్పేయండి. పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతాన్ని కిందిస్థాయి ఉద్యోగుల నుంచి రాబట్టకూడదని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రఫీక్ మసీ కేసులో చెప్పింది నిజమే. కానీ అదనంగా వచ్చినది తిరిగి చెల్లిస్తానని ముందే హామీ రాసిచ్చినవారు కట్టాల్సిందేనని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఫిక్సేషన్ సమయంలో మీ ముందు పెట్టే కాగితాల కట్టలో ఆ హామీ పత్రం సాధారణంగా ఉంటుంది. సంతకం పెట్టేముందు ఎంత మొత్తానికి పెడుతున్నారో చూసుకుని, దాని నకలు కూడా అడిగి తీసుకోండి.